ఎండ, చర్మం, చెట్టు

అరసవల్లిలో సూర్యనారాయణునికి మ్రొక్కి ఆరోగ్యం కోరుకొనే మనమే, రోహిణి కార్తెలో పట్టపగలు గొడుగు లేనిదే గడప దాటడానికి జంకుతాము. ఈ రెండింటికి విరోధమేమీ లేదు. పైరు పండడానికి, బట్ట ఆరడానికి, ఎముక గట్టిపడడానికి ఎండ కావాలి. ఆ ఎండే మోతాదు మించితే చర్మాన్ని కందజేస్తుంది, మచ్చలు తెస్తుంది, ముడతలు పెడుతుంది. కొందరిలో కాన్సరుకు కూడా దారి తీస్తుంది.

ఎండ బాధకు చెట్టుచేమల వైపు చూడడం మానవునికి అనాదిగా ఉన్న అలవాటు. మన ఇండ్లలో పసుపు, మంచిగంధం, కొబ్బరినూనె ఉన్నవి. ఇతర దేశాల వారికి వారి వారి పట్టలు, వేళ్ళు, ఆకులు ఉన్నవి. అంగడిలో దొరికే లేపనాల డబ్బాల మీద మూలికల పేర్లు, ఆకుల బొమ్మలు విరివిగా కనిపిస్తున్నవి. ఈ పూతలు నిజంగా ఎండనుండి కాపాడతాయా అని శ్రోతలు మమ్ములను అడుగుతూ ఉంటారు.

ఇది కేవలం అందచందాలకు సంబంధించిన ప్రశ్న కాదు. నాట్లు వేసే కూలి, ఉప్పుమడులలో పనిచేసే మనిషి, వల లాగే జాలరి దినంలో ఎన్నో గంటలు ఎండలోనే గడుపుతారు. చాలని పూతను చాలునని నమ్మినవారు నీడకు పోవలసిన వేళ కూడా ఎండలోనే నిలుస్తారు. నష్టం అక్కడ జరుగుతుంది. అందుచేత ఏ పూతలో ఎంత బలమున్నదో కొంచెం నిదానంగా విచారిద్దాము.

ముందుగా ఒక భ్రమ తొలగించుకోవాలి. ఎండలోని వేడి వేరు, చర్మాన్ని గాయపరచే కిరణం వేరు. వడదెబ్బ వేడివలన తగులుతుంది. దానికి నీరు, ఉప్పు వేసిన మజ్జిగ, చల్లని నీడ కావాలి. చర్మాన్ని గాయపరచే కిరణం కంటికి కనిపించదు, ఒంటికి వెచ్చగానూ తగలదు. 1801లో జర్మనీలోని యేనా పట్టణంలో యోహాన్ విల్హెల్మ్ రిట్టర్ అనే శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, వెండి క్లోరైడు పూసిన కాగితాన్ని ఆ రంగులలో ఉంచి చూశాడు. ఊదారంగుకు అవతల, ఏ వెలుగూ కనిపించని చోట, కాగితం అన్నింటికంటె త్వరగా నల్లబడింది. అక్కడ పడుతున్నదే అతినీలలోహిత కిరణం.

ఈ కిరణాల తరంగాలు 100 మొదలు 400 నానోమీటర్ల పొడవు గలవి. 315 నుండి 400 వరకు ఉన్న వాటిని 'ఎ' తరగతి అని, 280 నుండి 315 వరకు ఉన్న వాటిని 'బి' తరగతి అని, అంతకు తక్కువ వాటిని 'సి' తరగతి అని అంటారు. సి-కిరణాలను వాయుమండలం పూర్తిగా మ్రింగివేస్తుంది. బి-కిరణాలలో హెచ్చుభాగాన్ని ఓజోను పొర ఆపుతుంది. నేలకు చేరే అతినీలలోహితంలో నూటికి 95 పాళ్ళు ఎ-కిరణాలే. బి-కిరణాల పాలు కొద్దిదే అయినా, చర్మం కందిపోవడానికి ముఖ్యకారణం అవే.

హైదరాబాదు, విజయవాడ వంటి మన నగరాలు 16, 17 ఉత్తర అక్షాంశాల ప్రాంతంలో ఉన్నవి. ఇక్కడ సూర్యుడు ఏటా రెండుసార్లు నడినెత్తిన నిలుస్తాడు: మే నెల మొదటి పక్షంలో ఒకసారి, ఆగస్టు మొదటి పక్షంలో మరొకసారి. ఆగస్టులో గాలి చల్లగా ఉంటుంది, నేల తడిగా ఉంటుంది. అయినా మబ్బు విడిచిన గంటలో కిరణాల తీవ్రత వేసవికి పెద్దగా తీసిపోదు. నాట్ల కాలంలో 'ఎండ చురుకు లేదు కదా' అని తలగుడ్డ తీసివేయడం అందుచేతనే మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రచారం చేస్తున్న అతినీలలోహిత సూచికలో 11, ఆపైన ఉన్నది అన్నింటికంటె తీవ్రమైన మెట్టు. నిర్మలమైన వేసవి మధ్యాహ్నం మన ప్రాంతాలలో ఆ మెట్టు చేరడం పరిపాటి.

ఈ కిరణాలు చర్మంలో ఏమి చేస్తాయి? ప్రాణికి రూపురేఖలిచ్చే డి.ఎన్.ఏ. ఒక మెలిపెట్టిన నిచ్చెన వంటిది. బి-కిరణం దానిని నేరుగా తాకి, ఒకే పేటమీద ప్రక్కప్రక్కన ఉన్న రెండు భాగాలను అతికించివేస్తుంది. కణం ఆ అతుకును కత్తిరించి, కొత్త భాగం అమర్చుకొంటుంది. రోజూ జరిగే పని ఇది. అతుకులు లెక్కకు మించినప్పుడు కొన్ని సరికాకుండా మిగిలిపోతాయి. ఏండ్ల తరబడి పోగైన ఆ తప్పులే కాన్సరుకు మూలమవుతాయి. ఎ-కిరణం ఇంకా లోతుకు దిగి, చర్మాన్ని బిగువుగా నిలిపే పీచును చెడగొట్టి ముడతలు తెస్తుంది. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1992లోనే సూర్యకాంతిని మానవులకు కాన్సరు కలిగించే కారణాల పట్టికలో చేర్చింది.

చామనచాయ వారికి మెలనిన్ అనే వర్ణకం పుట్టుకతో వచ్చిన గొడుగు. తెల్లజాతుల వారికంటె మనలో చర్మపు కాన్సరు చాల తక్కువగా కనిపించడానికి కారణమదే. కాని ఆ గొడుగు చిన్నది. మంగుమచ్చలను, ముడతలను అది ఆపలేకపోతున్నది; ఎండ కూడా ఒక కారణమైన కంటి శుక్లాలకు దానితో సంబంధమే లేదు. బొల్లి సోకిన చోట, పుట్టుకతోనే మెలనిన్ లేనివారి ఒంటిమీద, ఆ చిన్న గొడుగు కూడా లేదు. వారి విషయంలో ఎంతో జాగ్రత్త అవసరం.

ఇక చెట్ల సంగతి చూద్దాము. ఎండ తగిలితే మనిషి నీడకు పోగలడు, చెట్టు పోలేదు. మొలచిన చోటనే నిలబడి, తన ఆకులలోని డి.ఎన్.ఏ.ను తానే కాపాడుకోవాలి. అందుకుగాను ఆకు పైపొర కణాలలో ఫ్లేవనాయిడ్లు మొదలైన పదార్థాలను నింపుకొంటుంది. ఆహారం తయారుచేసుకొనడానికి కావలసిన వెలుగును ఇవి లోపలికి పోనిచ్చి, అతినీలలోహితాన్ని పైననే పట్టివేస్తాయి. బి-కిరణం వచ్చినదని ఆకుకు ఎట్లా తెలుస్తుంది? యు.వి.ఆర్.8 అనే ప్రోటీను ఈ పని చేస్తున్నదని 2011లో శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. జంటగా ఉండే ఈ ప్రోటీను కిరణం తగలగానే విడివడి, రక్షక పదార్థాలు సిద్ధం చేయమని కణానికి కబురందిస్తుంది. ఆపిల్ పండులో ఎండ తగిలిన వైపు తొక్కలో ఈ పదార్థాలు ఎక్కువగా, నీడ వైపు తక్కువగా ఉంటాయి.

అంటే, అతినీలలోహితాన్ని ఆపే పదార్థాలు చెట్లలో ఉన్నమాట ముమ్మాటికి నిజం. అయితే ఆకులో ఆ పదార్థం సజీవమైన కణాలలో ఉన్నది; సందులేని పొరగా ఉన్నది; తరిగినకొద్దీ మళ్ళీ తయారవుతున్నది. దానినే నూరి మన చెంపకు పూస్తే ఈ మూడు సదుపాయాలలో ఒక్కటీ మిగలదు. మన విచారణకు ఇదే కీలకం.

ఇందుకు మంచి నిదర్శనం బర్మాలోని తనకా. ఆ దేశాన్ని 1989 నుండి మయన్మార్ అంటున్నారు. మన కోరంగి, కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవులలో ఓడలెక్కి రంగూను వెళ్ళి పొట్టపోసుకొన్న తెలుగువారు ఒకప్పుడు లెక్కకు మిక్కిలి. అక్కడివారు వీరిని కోరంగీలు అనేవారు. 1942లో యుద్ధభయం చేతను, 1960 తరువాతి ఏండ్లలో వ్యాపారాల జాతీయకరణం చేతను అనేకులు తిరిగి వచ్చారు. అట్లా వచ్చిన కుటుంబాల వారికి తనకాను మేము పరిచయం చేయనక్కరలేదు.

తనకా చెట్టు మన వెలగకు దగ్గరి చుట్టం. కొన్ని చోట్ల వెలగ పట్టను కూడా ఆ పేరుతోనే వాడతారు. కొమ్మను చిన్న ముక్కలుగా కోసి, గుండ్రని సానరాతి మీద కొద్దిగా నీరు చల్లి, మనం గంధం తీసినట్లే పట్టను అరగదీస్తారు. లేతపసుపు రంగు ముద్ద వస్తుంది. స్త్రీలు, పిల్లలు దానిని చెంపల మీద గుండ్రంగానో, ఆకు ఆకారంలోనో దిద్దుకొంటారు. పొలంలో దిగేవారు ముఖమంతా దట్టంగా పూసుకొంటారు.

2004లో కొరియా శాస్త్రజ్ఞులు తనకా పట్టనుండి మార్మెసిన్ అనే పదార్థాన్ని వేరుచేసి, అది అతినీలలోహితాన్ని పీల్చుకొంటుందని ప్రకటించారు. 2010లో థాయిలాండు పరిశోధకులు ఆ పట్ట పొడికి వాపును తగ్గించే గుణం కూడా ఉన్నదని తెలిపారు. కాబట్టి బర్మా స్త్రీల నమ్మకం వట్టిది కాదు. కాని మార్మెసిన్ పట్టు ముఖ్యంగా ఎ-కిరణాల మీద. చర్మాన్ని కందజేసే బి-కిరణాల మీద అంత లేదు. పైగా ముద్ద ఎండి రాలుతుంది, చెమటకు కారిపోతుంది. చెంపన దిద్దిన ఆకు ముక్కును, చెవిని, మెడను కాపాడదు. పూయగానే కలిగే చల్లదనం మాత్రం నిజం. తడి ఆరుతూ వేడిని తీసుకొనిపోతుంది. మన మంచిగంధం ఇచ్చే హాయి కూడా ఇటువంటిదే. అది వేడినుండి ఉపశమనం. కిరణంనుండి రక్షణ కాదు.

పసుపు మాట ఏమిటి? పసుపు ఆ రంగులో కనిపించడానికి కారణం, దానిలోని కుర్కుమిన్ కంటికి కనిపించే నీలికాంతిని పీల్చుకొనడం. దాని పట్టు హెచ్చుగా ఉన్నది 425 నానోమీటర్ల దరిదాపులలో. అతినీలలోహితం 400 దగ్గరనే ముగుస్తున్నది. అదిగాక కుర్కుమిన్ వెలుగుకు తానే నిలువలేదు. పసుపు మరక పడిన బట్టను ఎండలో ఆరవేస్తే మరక వెలిసిపోవడం ప్రతి ఇల్లాలికి తెలిసినదే. తనను తాను కాపాడుకోలేని రంగు మన చర్మాన్ని రోజంతా కాపాడుతుందని ఆశించలేము.

కొబ్బరినూనె విషయంలో ఒక అంకె తరచు వినబడుతుంది. 2010లో మన దేశంలో జరిగిన ఒక పరీక్షలో కొబ్బరినూనెకు, ఆలివ్ నూనెకు సుమారు 7, 8 చొప్పున రక్షణాంకం వచ్చినదని చెబుతారు. రక్షణాంకమంటే ఏమిటో తెలిస్తే దీని విలువ తెలుస్తుంది. ఏ పూతా లేని చర్మం 10 నిమిషాలలో కందితే, పూత పూసిన చర్మం కందడానికి 150 నిమిషాలు పట్టినదనుకోండి; ఆ పూత రక్షణాంకం 15. దీనిని మనిషి చర్మం మీద, చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి కొలవాలి. పై పరీక్ష జరిగినది చర్మం మీద కాదు. నూనెను ఆల్కహాలులో కరిగించి, పరికరంలో పెట్టి లెక్కగట్టినారు. ఒంటిమీద పలుచగా పరచుకొనే నూనె అంతటి రక్షణ ఇస్తుందని దానివలన రుజువు కాదు. కొబ్బరినూనె పొడిబారిన చర్మానికి మేలు చేస్తుంది. దానిని గొడుగుగా ఎంచరాదు.

ఇంతవరకు చెప్పినవి చాలీచాలని రక్షణలు. రక్షణకు బదులు హాని చేసే పూతలు కూడా ఉన్నవి. నిమ్మ, వెలగ, తనకా ఒకే కుటుంబానికి చెందిన చెట్లు. కొన్ని మొక్కలు మార్మెసిన్‌ను ఇంకొక్క మెట్టు మార్చి సోరలెన్ అనే పదార్థం తయారుచేస్తాయి. మార్పు స్వల్పం, ఫలితం తలక్రిందులు. ఎ-కిరణం తగిలినప్పుడు సోరలెన్ ఆ శక్తితో డి.ఎన్.ఏ. రెండు పేటలను కలిపి కుట్టివేస్తుంది. సోరలెన్ జాతి పదార్థాలు నిమ్మతొక్కలో ఎక్కువ, రసంలో తక్కువ. ముఖం నిగారించాలని నిమ్మచెక్కతో రుద్దుకొని ఎండలోనికి పోతే, ఒకటి రెండు రోజులలో ఆ చోట మంట పుట్టి, బొబ్బలు లేచి, తరువాత నల్లని మచ్చ వారాలు, నెలలు నిలిచిపోవచ్చు. నిమ్మరసం త్రాగడంలో ఈ భయం లేదు. కాయలు పిండిన చేతులను కడుక్కొని ఎండలోనికి పోతే చాలును.

బావంచాల గింజలోనూ ఉన్నది సోరలెనే. బొల్లికి ఆ గింజను పూసి ఎండ చూపించడం మన దేశంలో ప్రాచీనమైన వైద్యం. 1974లో అమెరికా వైద్యులు సోరలెన్ జాతి మాత్రను, ఎ-కిరణాల దీపాన్ని కలిపి సోరియాసిస్ అనే చర్మవ్యాధికి చికిత్స ప్రకటించారు. అక్కడ కిరణం మోతాదును కొలిచి ఇస్తారు. ఇంటిలో గింజ నూరి పూసుకొని నడిమధ్యాహ్నం ఎండలో కూర్చుంటే ఆ కొలత ఎవరి చేతిలోనూ ఉండదు. మిగిలేది కాలిన గాయం. బావంచాలను వైద్యుని పర్యవేక్షణ లేకుండా ముట్టరాదు.

పూతకు బదులు లోపలికి తీసుకొనే రక్షణ గురించి కూడా పరిశోధనలు జరిగినవి. జర్మనీలో జరిగి 2001లో ప్రచురితమైన ప్రయోగంలో కొందరు రోజుకు 40 గ్రాముల చిక్కని టమాటా గుజ్జును 10 గ్రాముల ఆలివ్ నూనెతో పది వారాలు తిన్నారు. అదే మోతాదు కిరణాలకు వారి చర్మం, నూనె మాత్రమే తీసుకొన్నవారి చర్మం కంటె నూటికి 40 పాళ్ళు తక్కువ కందినది. ఇది మంచి వార్తే. కాని సరిగా పూసిన లేపనం ఇచ్చే రక్షణ ముందు ఇది చాల స్వల్పం. అదైనా చేకూరడానికి పది వారాలు పట్టినది. మధ్య అమెరికాలో పెరిగే పాలీపోడియం ల్యూకోటోమోస్ అనే ఫెర్న్ మొక్క సారాన్ని మాత్రలుగా అమ్ముతున్నారు. 2004లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో అది చర్మం కందడాన్ని కొంత తగ్గించినది. పాల్గొన్నవారు 9 మంది మాత్రమే. సన్‌స్క్రీన్‌కు బదులుగా పనిచేసే మాత్ర ఏదీ లేదని 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ స్పష్టంగా ప్రకటించి, అటువంటి మాటలతో మాత్రలు అమ్మే కంపెనీలకు హెచ్చరికలు పంపినది.

అయితే చెట్టు మనకు అక్కరకు రాదా? వస్తుంది, పూతగా కంటె ఎక్కువగా నీడగాను, బట్టగాను వస్తుంది.

నేలకు చేరే బి-కిరణాలలో చాలభాగం సూర్యునినుండి నేరుగా కాక, ఆకాశమంతటినుండి చెదరి వస్తాయి. అందుచేత ఒంటి తాటిచెట్టు క్రింద నిలిచినవారికి నెత్తిన ఎండ తప్పినా, చుట్టూ ఉన్న ఆకాశంనుండి కిరణాలు తగులుతూనే ఉంటాయి. కొమ్మలు వెడల్పుగా చాచిన మర్రి, చింత, కానుగ, మామిడితోపు ఇచ్చే నీడ ఎంతో మేలైనది. నీడలో కూర్చుని పైకి, ప్రక్కలకు చూస్తే ఆకాశం ఎంత తక్కువగా కనిపిస్తే ఆ నీడ అంత మంచిదని గుర్తు.

నూలుబట్ట కూడా చెట్టు ఇచ్చినదే. పలుచని తెల్లని నూలు చొక్కా రక్షణాంకం సుమారు 7. తడిస్తే అది ఇంకా తగ్గుతుంది. చిక్కగా నేసిన ముదురురంగు బట్టకు ఎన్నో రెట్లు ఎక్కువ. 2004లో ప్రచురితమైన ఒక పరిశోధనలో నీలిమందు, మంజిష్ఠ జాతి వేరు వంటి సహజవర్ణాలు అద్దిన నూలుబట్టలు రంగు వేయని వాటికంటె కిరణాలను ఎక్కువగా ఆపినవి. చెంపమీద గంటసేపు నిలువని మొక్క పదార్థం నూలుపోగును పట్టుకొన్నప్పుడు రోజంతా పనిచేస్తున్నదన్నమాట. నాట్లకు, కలుపుకు పోయే స్త్రీలు చీరమీద మగవారి పొడుగుచేతుల చొక్కా తొడుక్కొని, తలకు గుడ్డ చుట్టుకోవడం మనం చూస్తూనే ఉన్నాము. ఏ పుస్తకమూ చదవకుండా వారు కనుగొన్న ఈ రక్షణ, మేము పైన చెప్పిన పూతలన్నింటికంటె మిన్న. వెడల్పు అంచుగల తాటాకు టోపీ దానికి తోడైతే ముఖం, మెడ కూడా భద్రం.

అంగడి లేపనాలను మేము కాదనడం లేదు. 30 రక్షణాంకం గల లేపనం సరిగా పూస్తే బి-కిరణాలలో నూటికి 97 పాళ్ళు ఆపుతుంది. చాలమంది పూయవలసినదానిలో సగమైనా పూయరు. రెండు గంటలకొకసారి తిరిగి పూయాలన్నది మరచిపోతారు. కొనేటప్పుడు డబ్బామీది ఆకు బొమ్మను కాక, రక్షణాంకాన్ని, ఎ-కిరణాలను కూడా ఆపుతుందన్న మాటను వెతకాలి. బొల్లి ఉన్నవారికి, మెలనిన్ లేనివారికి ఈ ఖర్చు తప్పనిసరి. తక్కినవారికి బట్ట, నీడ, వేళ ముందు, లేపనం తరువాత.

వేళను తెలుసుకొనడానికి గడియారం కూడా అక్కరలేదు. మన నీడ మన ఎత్తుకంటె పొట్టిగా ఉన్నంతసేపు కిరణాలు తీవ్రంగా ఉన్నట్లే. ఎముకలకు కావలసిన డి విటమిన్ చర్మంలో తయారుకావడానికి బి-కిరణం అవసరమే గనుక ఎండను పూర్తిగా వెలివేయరాదు. చర్మం కందేదాక నిలవడం మాత్రం ఎన్నడూ అవసరం లేదు.

చివరగా ఒక మాట. ఏ వేళకు పొలంలో దిగాలో, ఏ వేళకు ఒడ్డెక్కాలో నిర్ణయించేది సాధారణంగా కూలి కాదు, పని పెట్టేవారు. తెల్లవారగానే పని మొదలుపెట్టించి, నడిమధ్యాహ్నం రెండు మూడు గంటలు విరామమిచ్చి, ఆ విరామానికి తగిన నీడ చూపించడం వారి చేతిలో ఉన్నది. గట్టుమీద కానుగ మొక్క నాటితే కొన్ని ఏండ్లలో ఆ నీడ అమరుతుంది. అంతవరకు నాలుగు రాటలు పాతి తాటాకు పందిరి వేయడానికి అయ్యే ఖర్చు ఎంత? ఈ వేసవికి ముందే ఆ పని చేయించవలసినదని, పొలమున్న మా శ్రోతలను కోరుతున్నాము.